చెరువుకు పన్నెండు అంగాలు, మొదటిది రాజు

కడప జిల్లా పోరుమామిళ్లలో ఓ పెద్ద చెరువుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో దాన్ని కట్టించాడు. భవదూరుడని ఆయనకు ఇంకో పేరు. ఉదయగిరి నుంచి ఆ ప్రాంతాన్ని అప్పట్లో ఆయనే ఏలేవాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఈ లెక్కలన్నీ సంస్కృతంలో రాతిమీద చెక్కించారు.

శాసనాల్లో మామూలుగా రాజుగారి పొగడ్తలు, దానం వివరాలు, ఆ దానాన్ని చెడగొట్టినవాడికి శాపాలు ఉంటాయి. పోరుమామిళ్ల శాసనం వీటితో ఆగలేదు. మంచి చెరువు కుదరాలంటే ఏమేం కావాలో పన్నెండు అంగాలు వరసపెట్టి చెప్పింది. నీటి శాస్త్రం చదివిన బ్రాహ్మణుడు కావాలి. గట్టి బంకనేల కావాలి. మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు కావాలి. రెండు కొండల నడుమ, మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట కావాలి. విశాలమైన, లోతైన గర్భం, నిడుపాటి రాళ్లు దొరికే గని, పక్కనే చదునైన సారవంతమైన పొలాలు, కట్టుబడి పని తెలిసిన జనం కావాలి. జాబితా ఇలా సాగుతుంది. అందులో మొట్టమొదటి అంగం: ధర్మం తెలిసినవాడు, డబ్బున్నవాడు, సంతోషంగా ఉండేవాడు, కీర్తి కోరుకునేవాడు అయిన రాజు.

ఈ వరస నన్ను చాలాకాలంగా పట్టి ఉంచింది. రాజును దేవుడి అంశ అని పొగిడే కాలంలో, ఆయన్ని బంకమట్టి, రాతిగని, కూలిజనంతో ఒకే పట్టీలో రాశారు. ఆయనది మొదటి స్థానమే. అయినా పన్నెండింట్లో ఒకటి. మిగతా పదకొండూ లేకపోతే ఆయన ఒక్కడి వల్లా చెరువు కాదు, ఆయన లేకపోతే మిగతా పదకొండు ఉన్నా కాదు.

రాజుకు పెట్టిన షరతులు కూడా చూడండి. త్యాగి కావాలనలేదు, నిరాడంబరుడు కావాలనలేదు. ధర్మం తెలియాలి, చేతిలో డబ్బుండాలి, మనసు కుదురుగా ఉండాలి, పేరు మీద ఆశ ఉండాలి. కీర్తి కాంక్షను వాళ్లు దోషంగా చూడలేదు. అది ఎలాగూ ఉండేదే కాబట్టి చెరువు వైపు మళ్లించారు.

అదే శాసనం చెరువుకు ఆరు దోషాలు కూడా చెప్పింది. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, చెరువు నడిమధ్యలో తాబేటి వీపులా మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఈ ఐదూ ఇంజినీరింగ్ దోషాలు. మిగిలిన ఒక్కటి మాత్రం వేరే రకం: రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అక్కడ మట్టి బాగుండొచ్చు, నీరు బాగుండొచ్చు. గండి పడితే పూడ్చాల్సింది ఎవరు, తూము ఎత్తేది ఎవరు, పన్ను ఎవరికి కట్టాలి అన్న దగ్గర తేడా వస్తుంది. అధికారం తేలని చోట కట్టిన చెరువు, కట్ట కారిపోయే చెరువుతో సమానమని ఆ రాయి మీద రాసినవాళ్లకు తెలుసు. రాష్ట్రాల మధ్య నదీజలాల పంచాయితీలు చూస్తూ పెరిగిన మనకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మధ్యయుగపు రాజనీతి మీద ఇవాళ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మన పూర్వీకులు అన్నీ ఎప్పుడో చెప్పేశారు, ఇప్పటి నాయకులు అవి చదివితే చాలు అనేది ఒకటి. అదంతా జనాన్ని పిండుకునే రాజుల తెలివితేటలు, అందులో మనకు పనికొచ్చేది ఏమీ లేదు అనేది ఇంకొకటి. రెండింటికీ ఆధారాలు దొరుకుతాయి, అందుకే ఈ వాదన తెగదు. ఆ మాటల్ని రాసినచోట, రాసిన పరిస్థితుల్లో పెట్టి చూస్తే నాకు కనిపించేది వేరు. ఆ నీతిలో రాజు లాభం, జనం మేలు ఒకే తాడుకు రెండు పేటలు. ఏ పేటను విడదీసినా తాడు పాడవుతుంది. ఆ తాడు ఎక్కడ నిలిచింది, ఎక్కడ తెగింది అన్నదే అసలు చూడాల్సిన సంగతి.

మోటుపల్లి రేవులో ఇచ్చిన మాట

బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర మోటుపల్లి ఇప్పుడు చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. అభయశాసనం అంటారు దాన్ని.

ఆ రోజుల్లో తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది ఆ తీరాన్ని ఏలేవాడి సొత్తు. యూరప్‌లో కూడా ఇలాంటి ఆచారమే ఉండేది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరి, గాలివానకు దారి తప్పి, మన ఒడ్డున పడిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు బలవంతంగా లాక్కునేవారని గణపతిదేవుడి శాసనమే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత మాట ఇస్తుంది. ప్రాణం కన్నా ధనం గొప్పదనుకుని సముద్రం మీద అంత ప్రమాదానికి తెగించినవాళ్లకు, దయతోనూ, కీర్తి కోసమూ, పుణ్యం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అని దాని భావం.

సుంకం ఎంతో కూడా అక్కడే రాశారు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒక వంతు. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, ఇలా సరుకు సరుకుకీ లెక్క కట్టారు. రేటు రాతి మీద ఉంది కాబట్టి రేవులో కూర్చున్న సుంకరి తన ఇష్టమొచ్చినట్టు అడగడానికి లేదు. ఓడ దిగిన వ్యాపారికి ఎంత కట్టాలో ముందే తెలుసు. దయ అనే మాట గుండెను తాకుతుంది గానీ, వ్యాపారికి ధైర్యం ఇచ్చింది ఆ ముప్పైకి ఒకటి అన్న అంకె అనే నేను అనుకుంటాను.

రాజు చెప్పిన మూడు కారణాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి, గమనించారా? దయ, కీర్తి, పుణ్యం. పైకి చెప్పని నాలుగోది ఆదాయం. పగిలిన ఓడను దోచుకుంటే ఒకసారి డబ్బొస్తుంది. ఆ తర్వాత ఓడలు ఇంకో రేవు చూసుకుంటాయి. వదిలేస్తే ఏటా ముప్పయ్యో వంతు వస్తూనే ఉంటుంది. ఈ లెక్క గణపతిదేవుడికి తెలిసే ఉంటుంది, తెలియడం తప్పు కూడా కాదు. ఆయన కూతురు రుద్రమదేవి కాలానికి ఆ రేవు పేరు ఎంత దూరం పోయిందంటే, 13వ శతాబ్దం చివర మన తీరం గురించి రాసిన మార్కో పోలో ఈ దేశాన్ని ముత్ఫిలి అనే రేవు పేరుతోనే పిలిచాడు. న్యాయం, శాంతి కోరుకునే రాణి ఇక్కడ ఏలిందనీ, జనానికి ఆమె అంటే ఎంతో ప్రేమనీ రాశాడు. ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకోవడం మాత్రం ఆయన పొరపాటు.

ఆ అభయానికి ఓ బలహీనత ఉంది. అది ఇచ్చిన రాజుతో ముడిపడిన మాట. 1323లో ఓరుగల్లు పడిపోయింది, కాకతీయ రాజ్యం పోయింది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి మోటుపల్లిలోనే మళ్లీ ఇంకో శాసనం వేయించి వర్తకులకు కొత్తగా భరోసా ఇవ్వాల్సి వచ్చింది. రాజు మారితే మాట మళ్లీ మొదట్నుంచి మొదలు. వంశం పోయినా చట్టం నిలుస్తుందనే ఏర్పాటు ఆ కాలంలో లేదు.

పేదకు అరి, కోరు తగ్గించు

ఈ అనుభవాలన్నీ గాల్లో కలిసిపోలేదు. రాజనీతిని తెలుగులో పద్యాలుగా కట్టి దాచుకునే అలవాటు మనకు గట్టిగా ఉండేది. రుద్రమదేవి కాలపు సామంతుడు బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి రాశాడు. గణపతిదేవుడి మంత్రి శివదేవయ్య పేరుతో పురుషార్థసారం ఉంది. మడికి సింగన ఇలాంటి పాత గ్రంథాల నుంచి పద్యాలు ఏరి సకలనీతిసమ్మతం కూర్చాడు. వాటిలో కొన్ని పుస్తకాలు పోయి, ఆ సంకలనం వల్లే వాటి పద్యాలు మిగిలాయి. వీటన్నిటికీ వెనక మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలున్నాయి. సైనికులకు జీతం, బత్తెం టైముకి ఇస్తున్నావా? వాన మీదే ఆధారపడకుండా నీ రాజ్యంలో చోటుచోటా నిండు చెరువులు ఉన్నాయా? రైతుకు విత్తనం తక్కువ వడ్డీకి దొరుకుతోందా? స్వర్గం గురించీ మోక్షం గురించీ చెప్పాల్సిన దేవర్షి జీతాల బకాయిల గురించి ఆరా తీయడం నాకెంతో ఇష్టం.

ఈ పరంపరకు శిఖరం శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం. యామునాచార్యుడు రాజ్యం వదిలి వెళ్తూ కొడుక్కి చెప్పే మాటలుగా రాయలు ఇందులో రాజనీతి పెట్టాడు. 1509 నుంచి 1529 దాకా దక్షిణాదిలో అంత పెద్ద రాజ్యాన్ని నడిపిన మనిషి తన చేత్తో రాసుకున్న పాఠం కాబట్టి దీని విలువ వేరు. మొదట్లోనే ఈ కందం వస్తుంది:

ఏ పట్టున విసువక ర
క్షాపరుఁడవు గమ్ము ప్రజల చక్కి విపన్నుల్
కూపెట్టిన విని తీర్పుము
కాపురుషుల మీఁద నిడకు కార్యభరంబుల్

ఎప్పుడూ విసుక్కోకుండా ప్రజల్ని కాపాడు, కష్టంలో ఉన్నవాళ్లు మొరపెట్టుకుంటే విని తీర్చు, నీచుల మీద పనుల భారం పెట్టకు. ఇందులో ‘విసువక’ అనేది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. క్రూరత్వం గురించి అందరూ హెచ్చరిస్తారు. విసుగు గురించి హెచ్చరించాలంటే రోజూ పొద్దున్నే మొర పెట్టుకునేవాళ్ల మధ్య కూర్చున్న అనుభవం ఉండాలి. నూరో అర్జీ చదివేటప్పుడు వచ్చే చిరాకు ఎలాంటిదో రాసినవాడికి తెలుసు.

ఆ తర్వాత ఆర్థికానికి సంబంధించి ఒక తేటగీతి ఉంది. మొత్తం ఆ నీతికంతా అదే కీలకమని నా అభిప్రాయం:

దేశ వైశాల్య మర్థసిద్ధికిని మూల
మిల యొకింతైన గుంటకాల్వలు రచించి
నయము పేదకు నరిఁ గోరునను నొసంగి
ప్రబలఁ జేసిన నర్థధర్మములు పెరుఁగు

రాజ్యం పెద్దదైతే డబ్బుంటుంది, నిజమే. నేల కొంచెమే అయినా చెరువులు, కాలవలు తవ్వించి, పేదవాడికి అరిలోనూ కోరులోనూ సడలింపు ఇచ్చి పైకి తెస్తే అర్థం, ధర్మం రెండూ పెరుగుతాయి. అరి అంటే పన్ను, కోరు అంటే పంటలో రాజు తీసుకునే వాటా. ముందు పెట్టుబడి పెట్టు, తర్వాత తక్కువ తీసుకో, అప్పుడు ఎక్కువ వస్తుంది. అర్థధర్మములు అని రెండింటినీ ఒకే సమాసంలో కలిపేశాడు. ఇది జాలి గురించి చెప్పిన పద్యమా, ఖజానా గురించి చెప్పిన పద్యమా అని అడిగితే జవాబు లేదు. రాసినవాడికి అవి రెండు వేర్వేరు విషయాలు కావు.

దాని పక్కనే అధికారుల మీద ఇంకో పద్యం ఉంది. బతకలేక ఊరు విడిచిపోయిన రైతును వెనక్కి పిలవకుండా, వాడి పశువులూ ధాన్యమూ అమ్ముకుని, ఖాళీ ఇల్లు కట్టెలకు పనికొస్తుందని చూసే ఉద్యోగి యుద్ధభూమిలో నక్కలాంటి వాడు అంటాడు రాయలు. అలాంటివాడు ఉన్న రాజు ఏడు దీవులు గెలిచినా సుఖం లేదంటాడు. ఏడు దీవుల సామ్రాజ్యాన్ని ఒక పల్లెలో ఖాళీ అయిన పూరింటితో తూచాడు. రైతు ఎందుకు పోయాడు అన్నదానికన్నా పోయినవాణ్ని పిలిచారా లేదా అన్నదాని మీద దృష్టి పెట్టడం చూడండి. కరువు ఎవరి చేతుల్లోనూ లేదు. పిలవడం, పిలవకపోవడం ఆఫీసర్ చేతుల్లో ఉంది.

రేవుల గురించి కూడా రాయలు చెప్పాడు. గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు బాగా దిగేలా రేవులు అభివృద్ధి చెయ్యి. తుఫాను వల్లో జబ్బు వల్లో అలసట వల్లో ఒడ్డుకు చేరిన పరదేశి నావికుల్ని వాళ్ల వాళ్ల దేశానికి తగ్గట్టు చూసుకో. గణపతిదేవుడి శాసనానికీ దీనికీ మధ్య రెండున్నర శతాబ్దాలకు పైగా ఉన్నాయి. ఆలోచన అదే. రాయలు ఒక అడుగు ముందుకేసి లోపలి మాట కూడా బయటపెట్టాడు: ఏనుగులు, మేలుజాతి గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లు, నగరంలో ఇళ్లు, రోజూ దర్శనం, మంచి లాభం ఇచ్చి నీవాళ్లుగా చేసుకో, అప్పుడు ఆ సరుకు నీ శత్రువుకు చేరదు. ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి రెండు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి ఖజానాకు పెట్టమన్నాడు. అంటే సగం సైన్యానికే. చెరువు, కాలవ, పేదవాడి సడలింపు అన్నీ చివరికి గుర్రపు డెక్కల దగ్గరకు చేరతాయి. సంక్షేమం గురించి ఆ పద్యాన్ని ఇవాళ స్టేజీల మీద చదివేవాళ్లు ఈ సగం లెక్క కూడా చెప్పాలి.

అరవై తలలు

రాయలు రాసింది చేశాడా? కొంతవరకు చూసి చెప్పొచ్చు, ఎందుకంటే ఆ రోజుల్లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాళ్లు కళ్లతో చూసినవీ విన్నవీ రాసిపెట్టారు.

డొమింగో పాయెస్ 1520 ప్రాంతంలో వచ్చాడు. రాయలు కొత్తగా కట్టిస్తున్న ఓ చెరువు దగ్గర పదిహేను, ఇరవై వేల మంది పనిచేస్తున్నారనీ, చీమల్లా కిక్కిరిసి కాళ్ల కింద నేల కనబడటం లేదనీ రాశాడు. కొన్నేళ్ల తర్వాత రాసిన ఫెర్నావో నూనిజ్ మిగతా కథ చెప్పాడు. ఇద్దరూ చెప్పింది ఇప్పటి హోస్పేట దగ్గరి చెరువేనని చరిత్రకారులు అంటారు. ఆ చెరువు నీళ్లతో కాలవలు తవ్వి వరిపొలాలు, తోటలు పెంచారు. రైతులు నేలను బాగుచేసుకునేదాకా తొమ్మిదేళ్లు పన్ను లేకుండా భూములిచ్చారు. ఆ తర్వాత ఆ ఆదాయం 20,000 పరదాలకు (పరదా అంటే అప్పటి బంగారు నాణెం) చేరిందని నూనిజ్ లెక్క. గుంటకాల్వలు రచించి, అరీ కోరూ సడలించి, అర్థం పెంచమన్న పద్యం అక్షరాలా నేల మీద జరిగింది.

అదే చెరువు కట్ట రెండు మూడుసార్లు తెగింది. రాజు బ్రాహ్మణులను అడిగాడు. దేవుడికి మనుషుల, గుర్రాల, దున్నల రక్తం కావాలని చెప్పారు. గుడి వాకిట్లో అరవై మంది తలలు, కొన్ని గుర్రాల, దున్నల తలలు వెంటనే నరికించారని పాయెస్ రాశాడు. మరణశిక్షకు తగిన ఖైదీలను బలి ఇప్పించాడని నూనిజ్ రాశాడు.

ఇదే రాజు ఆముక్తమాల్యదలో మరణశిక్ష పడినవాడికి మూడుసార్లు మనవి చేసుకునే అవకాశం ఇవ్వమన్నాడు. ఆ కాలానికి చాలా పెద్ద మాట అది. దాన్ని చదివినప్పుడు గౌరవం కలగకుండా ఉండదు. వదిలితే రాజుకే ముప్పు తెచ్చేవాణ్ని మాత్రం వెంటనే చంపించెయ్యమన్న మినహాయింపు కూడా అక్కడే ఉంది. అరవై మందిలో ఎవరైనా మూడుసార్లు మొరపెట్టుకున్నారో లేదో ఆ ఇద్దరి రాతల్లో ఎక్కడా లేదు. కట్ట ఆగడం లేదన్న టెన్షన్‌లో ఉన్న రాజుకు జైల్లో ఉన్నవాళ్లు సులువుగా దొరికారు. పద్యం ఉంది, ఆ పద్యాన్ని రాజుకు గుర్తుచేసి ఆపగల మనిషి లేడు.

తిమ్మరుసు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. నూనిజ్ చెప్పిన ప్రకారం, రాయల అన్న చనిపోతూ తమ్ముడి కళ్లు పీకించమంటే, తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించి ఆయన్ని కాపాడాడు. తర్వాత రాజుగా నిలబెట్టాడు, ఏళ్ల తరబడి మంత్రిగా పక్కన నిలిచాడు. రాయలు తన ఆరేళ్ల కొడుక్కి పట్టం కట్టాక ఆ పిల్లాడు జబ్బుచేసి చనిపోయాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడన్న మాట రాజు చెవిన పడింది. సభకు పిలిపించి అందరి ముందూ నిందవేసి, మంత్రినీ అతని వాళ్లనూ ఖైదు చేయించాడు. చివరికి కళ్లు పీకించాడు. ఆ దేశంలో బ్రాహ్మణులను చంపరు కాబట్టి కళ్లు తీయించారని నూనిజ్ వివరణ. విషం సంగతి నిజమో కాదో ఎవరు తేల్చారు? నేరం మోపింది రాజే, విచారించింది రాజే, తీర్పు చెప్పింది రాజే. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి కూడా ఆయనే. ఆ నాలుగు పనులూ ఒక్క మనిషి చేతిలో ఉన్నప్పుడు ఎంత గొప్ప నీతిశాస్త్రమైనా చేయగలిగింది తక్కువ.

రాయలు మంచివాడా చెడ్డవాడా అన్న వాదనలోకి నేను పోను. ఆయన రాసింది నటన అని కూడా అనుకోను. చెరువు విషయంలో తొమ్మిదేళ్లు పన్ను వదిలిన మనిషి ఆ పద్యాన్ని నమ్మాడు. ఆ నీతి అంతా రాజు తన చేతిని తానే పట్టుకుని ఆపుకోవాలని చెప్పే నీతి. ఆయన పట్టుకోని రోజున పట్టుకునే రెండో చెయ్యి దానిలో లేదు. మోటుపల్లిలో రాజు మారగానే అభయం మళ్లీ రాయాల్సి రావడానికీ కారణం ఇదే.

అడవిలో ఉండేవాళ్ల గురించి చెప్పినచోట ఈ నీతికి ఇంకో హద్దు తెలుస్తుంది. వాళ్ల తప్పులు సరిదిద్దబోవడం మట్టిగోడను కడగడం లాంటిదంటాడు రాయలు. కోపం తెచ్చుకోకు, నిలబెట్టుకోగల మాట ఇచ్చి కలుపుకో, శత్రుదేశం మీద దాడికీ దోపిడీకీ పనికొస్తారు అంటాడు. వంద మంది తప్పు చేస్తే వెయ్యి మందిని శిక్షించడం తగదని కూడా అక్కడే అంటాడు. ఆ చివరి మాట ఇవాళ్టి ఏ పోలీసు ట్రైనింగ్‌లోనైనా చెప్పదగినది. మొదటి మాటలో మాత్రం వాళ్లను మనుషులుగా చూసే చూపు లేదు. వాళ్లు రక్షించాల్సిన ప్రజ కారు, వాడుకోవాల్సిన బలం. మంత్రి పదవికి బ్రాహ్మణుణ్నే వెతుక్కోమని చెప్పినచోట కూడా ఈ గీత కనిపిస్తుంది. ఆ నీతిలో దయ ఉంది, ఆ దయకు సరిహద్దులు ఉన్నాయి.

కింద నుంచి చూస్తే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సింహాసనం మీద నుంచి కనిపించే దృశ్యాలు. కింద ఉన్నవాళ్లకు అధికారం ఎలా కనబడిందో మనందరికీ బళ్లోనే చెప్పారు. సుమతి శతకం ఎవరు రాశారన్నది పండితుల్లో తేలలేదు, బద్దెనదే అనేవాళ్లు ఎక్కువ. అందులో ఈ పద్యం రానివాళ్లు అరుదు:

అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ

అడిగితే జీతం ఇవ్వని పొగరుబోతు దొర దగ్గర కుమిలిపోవడం కన్నా, మంచి ఎద్దులు కట్టుకుని మడి దున్నుకుని బతకొచ్చు. దీన్ని మనం ఆత్మగౌరవం పద్యంగా చదివాం. చరిత్ర తెలిసి చదివితే అది అధికారానికి ఉన్న అసలు పగ్గం గురించిన పద్యం. ఆ కాలంలో నేల పుష్కలం, దున్నే చేతులు కొరత. దొర మరీ పిండితే జనం వెళ్లిపోగలరు. అడవి కొట్టి కొత్త ఊరు కట్టుకోగలరు, లేదా ఇంకో నాయకుడి చెరువు కిందకు చేరగలరు. నారదుడు జీతాల గురించి అడగడం, గణపతిదేవుడు సుంకాన్ని రాతి మీద రాయించడం, ఊరు విడిచిపోయిన రైతును పిలవని అధికారిని రాయలు నక్క అనడం, అన్నిటి వెనకా ఉన్నది ఈ భయమే. పాలితులు లేచిపోతే పాలకుడికి మిగిలేది ఖాళీ పొలం.

ఆ భయాన్ని జనం తెలిసే వాడుకున్నారని చెప్పే సాక్ష్యం కూడా ఉంది. 1429లో, రెండో దేవరాయల కాలంలో, విజయనగర పాలనలో ఉన్న తమిళ ప్రాంతంలో అధికారులు, భూమి మీద పట్టున్న పెద్దలు కలిసి పన్నులు విపరీతంగా పెంచారు. వలంగై, ఇడంగై అనే రెండు కులకూటములు మామూలుగా ఒకదాన్నొకటి చూసి గుర్రుమనేవి. ఈసారి అవి కలిసి సభ పెట్టుకుని, తాము తీర్మానించుకున్నది వృద్ధాచలం, కొరుక్కై లాంటి చోట్ల గుడుల్లో శాసనాలుగా చెక్కించాయి. కొరుక్కై శాసనంలో వాళ్లు చెప్పుకున్నది ఇదీ: పంటను బట్టి కాకుండా అన్యాయంగా పన్నులు వేస్తుంటే పారిపోబోయాం, అప్పుడు మాకు అర్థమైంది, దేశమంతా ఒక్కటిగా లేకపోవడం వల్లే మాకీ అన్యాయం జరిగిందని.

పారిపోవడం దాకా వచ్చి, అక్కడ ఆగి, కలిసి నిలబడాలనుకున్నారు. రాజనీతి గ్రంథాలు ఏవీ ఈ దారి చెప్పలేదు, చెప్పే అవసరం వాటికి లేదు. సభలో వాళ్లు వేసుకున్న కట్టుబాట్లు చాలా సూటిగా ఉన్నాయి. భూమి హక్కులున్న బ్రాహ్మణులు, వెల్లాలులు అనే రైతుకులం వాళ్లు రాజు మనుషులకు ఆశ్రయం ఇవ్వకూడదు. అధికారుల కోసం ఎవరూ పన్ను లెక్కలు రాయకూడదు. లెక్క రాసేవాడు కలం కింద పెడితే పన్ను వసూలు కాదని వాళ్లకు తెలుసు. ఆ తర్వాత మాగాణికి ఎంత, మెట్టకు ఎంత కట్టాలో తామే నిర్ణయించుకుని, ఆ రేట్లను కూడా అక్కడే చెక్కించారు.